ప్రాసెసర్ వాస్తవ వేగ నిర్ధారణ: లినక్స్ కొలమానాల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ప్రాసెసర్‌పై ముద్రించిన వేగానికీ, అది పనిచేస్తున్న క్షణంలో నడిచే వేగానికీ మధ్య ఉన్న దూరం 1990ల నుండి క్రమంగా పెరిగింది. ఈ దూరాన్ని కొలవడానికి లినక్స్ కెర్నెల్ వివిధ కాలాలలో వివిధ సాధనాలను ఆశ్రయించింది. 1993 నాటి బోగోమిప్స్ లూపు మొదలుకొని టైమ్ స్టాంప్ కౌంటర్, సీపీయూఫ్రీక్ వ్యవస్థ, ఏపెర్ఫ్–ఎంపెర్ఫ్ రిజిస్టర్ల వరకు ఆ సాధనాల పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లినక్స్ తెరపై కనిపించే ‘మెగాహెర్ట్జ్’ అంకె అన్ని కాలాలలో ఒకే అర్థాన్ని ఇవ్వలేదని, కనుక పరిశోధకులు ఆ అంకెను ఉదహరించేటప్పుడు దాని ఆకరాన్ని కూడా పేర్కొనడం అవసరమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లినక్స్, కెర్నెల్, క్లాక్ వేగం, బోగోమిప్స్, టైమ్ స్టాంప్ కౌంటర్, సీపీయూఫ్రీక్, టర్బోస్టాట్, ఆకర విమర్శ.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ సహాయంతో జరిగే ఏ పరిశోధనలోనైనా, అది భాషాశాస్త్రంలో పదపట్టికల గణన కావచ్చు, భౌతికశాస్త్రంలో అనుకరణ కావచ్చు, “ఈ ప్రయోగం 2.40 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌పై జరిగింది” అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. చదివేవారు ఆ అంకెను ప్రశ్నించరు. రాసినవారు కూడా చాలా సందర్భాలలో దానిని కొలిచి ఉండరు. పెట్టెపైనుండో, తెరపైనుండో ఎత్తి రాసి ఉంటారు. అయితే ఒక పద్ధతి మరొక పద్ధతి కంటే రెండింతలు వేగవంతమైనదని చెప్పే ఫలితం పూర్తిగా ఈ అంకెపైనే ఆధారపడిన సందర్భాలు ఉన్నాయి. అంకె తప్పయితే ఫలితమూ తప్పే.

శాసన పరిశోధనలో ఈ సమస్య మనకు పరిచితమే. రాగిరేకుపై ఒక రాజు పేరు, శకసంవత్సరం ఉన్నంత మాత్రాన ఆ శాసనం ఆ కాలానిదని ఎవరూ అంగీకరించరు. లిపిని, తిథివారాలను, ఇతర ఆధారాలను సరిచూసిన తరువాతనే అది అసలైనదో, కూటశాసనమో తేలుస్తారు. ప్రాసెసర్ వేగాన్ని తెలిపే అంకె కూడా ఒక సాక్ష్యమే. దానిని మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఒకటి, ఆ అంకె ప్రకటించినదా, కోరినదా, కొలిచినదా? రెండు, దేనితో పోల్చి కొలిచారు? మూడు, ఎంత కాలవ్యవధిలో కొలిచారు? లినక్స్‌లో ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన సమాధానాలు ఎలా మారాయో చూపడమే ఈ వ్యాస లక్ష్యం. చర్చ ప్రధానంగా ఎక్స్86 కుటుంబానికి చెందిన ప్రాసెసర్లకు పరిమితం.

2. కొలబద్ద ఎక్కడిది? టెలివిజన్ స్ఫటికం కథ

వేగాన్ని కొలవడమంటే రెండు గడియారాలను పోల్చడం. ప్రాసెసర్ గడియారం ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో చెప్పాలంటే, దానికి సంబంధం లేని మరొక గడియారం పక్కన ఉండాలి. పీసీలో ఆ రెండవ గడియారం అమెరికా రంగుల టెలివిజన్ నుండి వచ్చింది.

1953లో అమెరికా ఆమోదించిన ఎన్‌టీఎస్‌సీ రంగుల ప్రసార ప్రమాణంలో రంగు సమాచారాన్ని మోసే ఉపవాహక తరంగపు పౌనఃపున్యం సుమారు 3.579545 మెగాహెర్ట్జ్. దీనికి సరిపడే క్వార్ట్జ్ స్ఫటికాలు టెలివిజన్ పరిశ్రమ కారణంగా విరివిగా, చౌకగా దొరికేవి. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీలో ఈ పౌనఃపున్యానికి నాలుగు రెట్లయిన 14.31818 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని అమర్చారు. దానిని నాలుగుతో భాగిస్తే రంగుల తెరకు కావలసిన సంకేతం లభిస్తుంది. మూడుతో భాగిస్తే 4.77 మెగాహెర్ట్జ్, అదే ఆ యంత్రంలోని 8088 ప్రాసెసర్ వేగం. పన్నెండుతో భాగిస్తే 1.193182 మెగాహెర్ట్జ్, అది 8253 అనే టైమర్ చిప్‌కు అందేది.

ఈ వారసత్వం దీర్ఘకాలం నిలిచింది. ప్రాసెసర్లు వందల రెట్లు వేగవంతమైన తరువాత కూడా టైమర్ చిప్ 1.193182 మెగాహెర్ట్జ్‌లోనే నడిచింది. తరువాత వచ్చిన ఏసీపీఐ విద్యుత్ నిర్వహణ టైమర్‌కు నిర్ణయించిన పౌనఃపున్యం 3.579545 మెగాహెర్ట్జ్. ఆపై వచ్చిన హెచ్‌పీఈటీ టైమర్ అనేక యంత్రాలలో 14.31818 మెగాహెర్ట్జ్‌తోనే పనిచేసింది. అంటే లినక్స్ ఒక ప్రాసెసర్ వేగాన్ని ‘కొలిచాను’ అని చెప్పినప్పుడల్లా, చాలాకాలం పాటు, దాని చేతిలోని కొలబద్ద ఈ టెలివిజన్ స్ఫటికమే.

3. పేరుపలకపై నమ్మకం సడలిన దశాబ్దం

1980ల చివర, 1990ల తొలినాళ్ళ పీసీ పెట్టెలపై ‘టర్బో’ అనే బటన్ ఉండేది. పాత ఆటలు, కొన్ని ప్రోగ్రాములు 4.77 మెగాహెర్ట్జ్ వేగాన్ని దృష్టిలో ఉంచుకొని రాసినవి కావడంతో కొత్త యంత్రాలలో అదుపు లేనంత వేగంగా నడిచేవి. వాటికోసం యంత్రాన్ని నెమ్మదింపజేయడం ఆ బటన్ పని. దాని పక్కన వెలిగే అంకెల పలకపై ‘33’ అనో ‘66’ అనో కనిపించేది. ఆ పలక దేనినీ కొలిచేది కాదు. యంత్రాన్ని బిగించినవారు వెనుకవైపు చిన్న జంపర్లను ఎలా అమర్చితే ఆ అంకె వెలిగేది. వేగాన్ని చూపుతున్నట్లు కనిపిస్తూ కేవలం ప్రకటనగా మిగిలిన సాక్ష్యానికి ఇది తొలి ఉదాహరణ.

1992లో ఇంటెల్ విడుదల చేసిన 486డీఎక్స్2తో మరొక చిక్కు మొదలైంది. ఈ చిప్ లోపల 66 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తూ, బయట మదర్‌బోర్డుతో 33 మెగాహెర్ట్జ్ వేగంతో మాట్లాడేది. ఇకపై ‘కంప్యూటర్ వేగం’ అనే ఏకవచనానికి చోటు లేకపోయింది. లోపలి వేగం బయటి వేగానికి ఒక గుణకం కట్టగా వచ్చేది. మదర్‌బోర్డుపై గుణకాన్ని, బస్ వేగాన్ని మార్చి ప్రాసెసర్‌ను దాని అనుమతికి మించి నడిపే వీలు కూడా కలిగింది. దీనిని ఆసరా చేసుకొని, తక్కువ వేగానికి అనుమతి పొందిన చిప్‌లపై ముద్రను చెరిపి ఎక్కువ వేగం ముద్రించి అమ్మే మోసం 1990లలో అనేక దేశాల విపణులలో సాగింది. దానిని అరికట్టే ఉద్దేశంతో కూడా తయారీదారులు గుణకాన్ని చిప్‌లోనే బిగించే పద్ధతికి మళ్ళారు. కూటశాసనాల పోలిక ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మోసం లేని చోట కూడా పేరుకు, వేగానికి పొంతన తప్పింది. 1996 నుండి సైరిక్స్, ఏఎమ్‌డీ వంటి సంస్థలు ‘పనితీరు అంచనా’ అంకెను పేరులో చేర్చాయి. సైరిక్స్ 6ఎక్స్86 పీఆర్200+ చిప్ వాస్తవంగా నడిచేది 150 మెగాహెర్ట్జ్‌లో. 2001లో వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ వాస్తవ వేగం 1.53 గిగాహెర్ట్జ్. ఒక్కొక్క క్లాక్ సైకిల్‌లో ఎక్కువ పని చేయగలదు కనుక ఎక్కువ అంకెకు అర్హత ఉందన్నది ఆ సంస్థల వాదన. ఆ వాదనలో నిజం ఉన్నప్పటికీ, పేరులోని అంకె వేగానికి సాక్ష్యం కాకుండా పోయింది.

2000 సంవత్సరం ఈ పోటీకి పరాకాష్ఠ. ఆ ఏడాది మార్చి 6న ఏఎమ్‌డీ, మార్చి 8న ఇంటెల్ 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్లను ప్రకటించాయి. కొద్ది నెలలకే ఇంటెల్ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 3ను తెచ్చింది. స్వతంత్ర పరీక్షకులు ఆ చిప్‌పై లినక్స్ కెర్నెల్‌ను కంపైల్ చేయబోతే పని మధ్యలో విఫలమైంది. ఆగస్టు నెలాఖరులో ఇంటెల్ ఆ చిప్‌ను వెనక్కి తీసుకుంది. ఈ ఘటన మన చర్చకు ముఖ్యమైనది. చిప్ చెప్పిన వేగంలోనే నడిచింది, కాని ఆ వేగంలో సరిగా పనిచేయలేదు. కనుక ‘వాస్తవ వేగం’ అన్న మాటలో గడియారం ఎన్నిసార్లు కొట్టిందన్నదే కాక, కొట్టిన ప్రతిసారీ పని సక్రమంగా జరిగిందా అన్నది కూడా ఇమిడి ఉంది. ఈ రెండవ అంశాన్ని బయటపెట్టింది వేగాన్ని చూపే సాధనం కాదు, దీర్ఘంగా, కఠినంగా సాగే ఒక నిజమైన పని.

4. బోగోమిప్స్: కొలవాలని పుట్టని కొలత

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకీలో 386 యంత్రంపై లినక్స్‌ను ప్రారంభించినప్పుడు ప్రాసెసర్ వేగాన్ని తెలుసుకోవడం ఆయన లక్ష్యాలలో లేదు. ఆ అవసరం పరికరాల డ్రైవర్ల వలన వచ్చింది. ఫ్లాపీ డ్రైవు వంటి పరికరానికి ఆదేశం ఇచ్చాక కొన్ని మైక్రోసెకండ్లు ఆగాలి. అంత స్వల్ప కాలాన్ని టైమర్ చిప్ అంతరాయాలతో లెక్కించడం సాధ్యం కాదు. ఆనాటి లినక్స్‌లో అవి సెకనుకు 100 సార్లు, అంటే 10 మిల్లీసెకండ్లకు ఒకసారి మాత్రమే వచ్చేవి. అందుచేత ప్రాసెసర్‌ను ఏ పనీ లేని లూపులో తిప్పి కాలయాపన చేయించాలి. ఎన్నిసార్లు తిప్పాలో తెలియాలంటే ఆ యంత్రం ఎంత వేగంగా తిరుగుతుందో ముందే తెలియాలి.

దీనికి 1993లో 0.99 శ్రేణి కెర్నెల్‌లో వచ్చిన పరిష్కారం సులభమైనది. యంత్రం ప్రారంభమయ్యేటప్పుడు ఖాళీ లూపును నడిపి, రెండు టైమర్ అంతరాయాల మధ్య అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించడం. లూపుల సంఖ్యను మొదట రెట్టింపు చేసుకుంటూ పోయి, అంతరాయాన్ని దాటగానే వెనక్కి వచ్చి, ఒక్కొక్క బిట్టుగా సరిదిద్దుతూ కచ్చితమైన సంఖ్యకు చేరుతారు. వచ్చిన ఫలితాన్ని టోర్వాల్డ్స్ ‘బోగోమిప్స్’ పేరుతో తెరపై చూపారు. బూటకపు అన్న అర్థమిచ్చే ఆంగ్లపదాన్ని ‘మిప్స్’ ముందు చేర్చడం ద్వారా ఆ అంకెను పనితీరుకు ప్రమాణంగా తీసుకోవద్దని ఆయన పేరులోనే హెచ్చరించారు.

హెచ్చరికను చాలామంది పట్టించుకోలేదు. వాడుకరులు తమ యంత్రాల బోగోమిప్స్ విలువలను పోల్చుకోవడం, వాటి పట్టికలను సేకరించి ప్రకటించడం పరిపాటి అయింది. ఆ పట్టికలే ఆ అంకె పరిమితిని బయటపెట్టాయి. 486లో బోగోమిప్స్ విలువ మెగాహెర్ట్జ్ వేగంలో సుమారు సగం. పెంటియమ్‌లో సుమారు 0.4 వంతు. పెంటియమ్ ప్రోలో దాదాపు సమానం. ఏఎమ్‌డీ కే6లో దాదాపు రెండింతలు. అంటే 66 మెగాహెర్ట్జ్ 486 కంటే అదే వేగం గల పెంటియమ్‌కు తక్కువ అంకె వచ్చేది. వాస్తవంలో పెంటియమ్ ఎంతో సమర్థమైనది. ఒకే వంశపు చిప్‌ల మధ్య మాత్రం ఈ అంకె ఉపయోగపడింది. 100 మెగాహెర్ట్జ్ అని కొన్న 486లో 50కి బదులు 33 బోగోమిప్స్ కనిపిస్తే, ముద్రపైనో మదర్‌బోర్డు అమరికపైనో అనుమానించడానికి అది తగిన ఆధారం.

ఈ అంకె నేటికీ లినక్స్‌లో ఉంది. అయితే దాని అర్థం మారిపోయింది. ఆధునిక ఎక్స్86 యంత్రాలలో కెర్నెల్ లూపును నడిపి చూడకుండా, తదుపరి భాగంలో చెప్పబోయే కౌంటర్ పౌనఃపున్యం నుండి ఈ విలువను గణిస్తుంది. ఫలితం సరిగ్గా ఆ పౌనఃపున్యానికి రెండింతలు. పేరు పాతదే, తెరపై స్థానమూ పాతదే, సాక్ష్యం మాత్రం వేరు.

5. టైమ్ స్టాంప్ కౌంటర్: దశాంశాల భ్రమ

1993లో పెంటియమ్‌తో పాటు 64 బిట్ల టైమ్ స్టాంప్ కౌంటర్ వచ్చింది. వాడుకలో దీనిని టీఎస్‌సీ అంటారు. ప్రాసెసర్ గడియారం కొట్టిన ప్రతిసారీ ఈ కౌంటర్ ఒకటి పెరిగేది. లూపు తిరిగిన సంఖ్యను బట్టి వేగాన్ని ఊహించే అవసరం దీనితో తీరిపోయింది. కౌంటర్‌ను రెండుసార్లు చదివి, మధ్యలో గడిచిన కాలంతో భాగిస్తే నేరుగా పౌనఃపున్యం వస్తుంది.

గడిచిన కాలాన్ని చెప్పేది మళ్ళీ ఆ పాత టైమర్ చిప్పే. అప్పటి లినక్స్ దానిలోని రెండవ సంఖ్య గల చానల్‌ను, అంటే పీసీ స్పీకర్‌తో బీప్ శబ్దం చేయించడానికి ఉద్దేశించిన చానల్‌ను, సుమారు 50 మిల్లీసెకండ్లకు అమర్చి ఆ లోపల టీఎస్‌సీ ఎంత పెరిగిందో చూసేది. ఆ ఫలితం ప్రారంభ సందేశాలలో ‘ఇన్ని మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ కనుగొనబడింది’ అన్న వాక్యంగాను, ప్రాక్ విభాగంలోని సీపీయూఇన్ఫో ఫైలులో ‘సీపీయూ మెగాహెర్ట్జ్’ అనే వరుసగాను మూడు దశాంశాలతో నమోదయ్యేది.

లినక్స్ చరిత్రలో ఈ అంకెకు అత్యంత విశ్వసనీయత ఉన్న కాలం ఇదే. ప్రాసెసర్ వేగం స్థిరం. కౌంటర్ ప్రాసెసర్ గడియారాన్నే లెక్కిస్తుంది. పోల్చే గడియారం స్వతంత్రమైనది. ముద్ర మార్చిన చిప్, తప్పు గుణకం, అధిక వేగానికి నెట్టిన బస్ అన్నీ ఇక్కడ దొరికిపోతాయి. అయితే మూడు దశాంశాలు చూసి అంతటి కచ్చితత్వం ఉందనుకోవడం పొరపాటు. స్ఫటికం స్వల్ప వ్యత్యాసం, కొలిచిన వ్యవధి చిన్నది కావడం వలన చివరి అంకెలు ప్రతి ప్రారంభంలోనూ మారుతుండేవి. దశాంశాలు ఉండడం కచ్చితత్వానికి గుర్తు కాదు. ఆ అంకె ముద్రించినది కాక కొలిచినదనడానికి మాత్రమే గుర్తు.

6. వేగమే చలించినప్పుడు

ప్రాసెసర్ వినియోగించే విద్యుత్తు స్థూలంగా పౌనఃపున్యానికి, వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. వేగాన్ని తగ్గిస్తే వోల్టేజిని కూడా తగ్గించవచ్చు. అప్పుడు విద్యుత్ ఆదా అనేక రెట్లు. ల్యాప్‌టాప్ బ్యాటరీల కోసం 2000లో ఇంటెల్ స్పీడ్‌స్టెప్‌ను, ఏఎమ్‌డీ పవర్‌నౌను తెచ్చాయి. అదే ఏడాది జనవరిలో ట్రాన్స్‌మెటా సంస్థ తన క్రూసో ప్రాసెసర్‌ను లాంగ్‌రన్ అనే ఇటువంటి విధానంతోనే ప్రకటించింది. టోర్వాల్డ్స్ అప్పుడు ఆ సంస్థలోనే పనిచేస్తున్నారు.

లినక్స్‌లో దీనికి రూపొందిన వ్యవస్థ సీపీయూఫ్రీక్. దాని మూలం పీసీలలో కాక చిన్న పరికరాలకు వాడే ఆర్మ్ ప్రాసెసర్లలో ఉంది. 2001లో రస్సెల్ కింగ్ మొదలుపెట్టిన కోడును డొమినిక్ బ్రోడోవ్‌స్కీ తదితరులు విస్తరించగా, 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నెల్‌తో అది అందరికీ అందింది. 2004లో వెంకటేశ్ పల్లిపాడి తదితరుల ‘ఆన్‌డిమాండ్’ గవర్నర్ కెర్నెల్‌లో చేరింది. పని భారాన్ని తరచుగా గమనిస్తూ, భారం పెరిగితే వేగాన్ని పెంచి, తగ్గితే దించడం దాని పద్ధతి. వేగం ఇకపై యంత్రానికి చెందిన గుణం కాదు. ఆ క్షణానికి చెందిన స్థితి.

సీపీయూఫ్రీక్ కొన్ని ఫైళ్ళ ద్వారా వేగాన్ని తెలుపుతుంది. ఒకటి గరిష్ఠ పరిమితి. మరొకటి ‘స్కేలింగ్ కరెంట్ ఫ్రీక్వెన్సీ’. పేరు చూస్తే ప్రస్తుత వేగం అనిపిస్తుంది; చాలా యంత్రాలలో అది కెర్నెల్ చివరిసారిగా కోరిన వేగం మాత్రమే. హార్డ్‌వేర్ నుండి తీసుకున్న విలువకు వేరే ఫైలు ఉంది. దానిని అన్ని డ్రైవర్లూ ఇవ్వవు, ఇచ్చిన చోట రూట్ అధికారం ఉన్నవారే చదవగలరు. కోరిన వేగాన్ని నడుస్తున్న వేగంగా ఉదహరించడం, దరఖాస్తును మంజూరు పత్రంగా చూపడం వంటిది.

ఇదే కాలంలో టీఎస్‌సీ స్వభావం కూడా మారింది. వేగం మారినప్పుడల్లా కౌంటర్ వేగం మారితే, దానిని కాలమానంగా వాడుకునే కెర్నెల్‌కు ఇబ్బంది. అందుచేత తయారీదారులు కౌంటర్‌ను ప్రాసెసర్ వాస్తవ వేగంతో సంబంధం లేకుండా స్థిరంగా నడిపారు. సీపీయూఇన్ఫోలో ‘కాన్‌స్టంట్ టీఎస్‌సీ’, ‘నాన్‌స్టాప్ టీఎస్‌సీ’ అనే గుర్తులు కనిపిస్తే ఆ యంత్రం ఈ కోవలోనిదే. కాలాన్ని కొలవడానికి ఇది మేలు చేసింది. వేగాన్ని కొలవడానికి మాత్రం టీఎస్‌సీ పనికిరాకుండా పోయింది. నేటికీ కొన్ని పరిశోధన పత్రాలలో టీఎస్‌సీ వ్యత్యాసాన్ని ‘క్లాక్ సైకిళ్ళు’గా ప్రకటించడం కనిపిస్తుంది. స్థిర టీఎస్‌సీ ఉన్న యంత్రంలో అవి ప్రాసెసర్ సైకిళ్ళు కావు. వేరొక యూనిట్‌లో చెప్పిన కాలం.

7. ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్: నిష్పత్తి చెప్పే నిజం

2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 ఆలోచనను విరమించుకుంది. ప్రాసెసర్ల పేర్లలో వేగానికి బదులు మోడల్ సంఖ్యలు వచ్చాయి. 2008 నవంబరులో వచ్చిన నెహేలం ప్రాసెసర్లతో టర్బో బూస్ట్ మొదలైంది. చల్లదనం, విద్యుత్తు అనుమతించినంత మేరకు చిప్ తనంతట తానే ప్రకటిత వేగాన్ని మించి నడుస్తుంది. ఒకనాడు యంత్రాన్ని నెమ్మదింపజేసిన ‘టర్బో’ అన్న మాట ఇప్పుడు నిజంగానే వేగాన్ని సూచించింది. అయితే ఎంత పెరగాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, చిప్. కోరిన వేగానికీ నడిచిన వేగానికీ మధ్య తెగిపోయిన సంబంధాన్ని కొలతతోనే తిరిగి కలపాలి.

దానికి ఉపయోగపడినవి రెండు రిజిస్టర్లు. ఎంపెర్ఫ్ స్థిరమైన ప్రాతిపదిక వేగంతోను, ఏపెర్ఫ్ వాస్తవంగా నడుస్తున్న వేగంతోను పెరుగుతాయి. ప్రాసెసర్ విశ్రాంతి స్థితిలో ఉన్నప్పుడు రెండూ ఆగిపోతాయి. వాటి నిష్పత్తిని ప్రాతిపదిక వేగంతో గుణిస్తే పనిచేస్తున్న సమయంలోని సగటు వేగం వస్తుంది. లెన్ బ్రౌన్ 2010లో రచించిన టర్బోస్టాట్ అనే పరికరం ఈ గణనను చేస్తుంది. అది లినక్స్ కెర్నెల్ కోడులోనే భాగంగా లభిస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని వివరించవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాతిపదిక వేగం గల ప్రాసెసర్‌లో ఒక సెకను వ్యవధిలో టీఎస్‌సీ 240 కోట్లు, ఎంపెర్ఫ్ 120 కోట్లు, ఏపెర్ఫ్ 150 కోట్లు పెరిగాయనుకుందాం. ఎంపెర్ఫ్ టీఎస్‌సీలో సగం కనుక ప్రాసెసర్ సగం సమయమే పనిచేసింది. ఏపెర్ఫ్ ఎంపెర్ఫ్‌కు 1.25 రెట్లు కనుక పనిచేసినంతసేపూ 3,000 మెగాహెర్ట్జ్‌లో నడిచింది. విశ్రాంతిని కూడా కలుపుకొని చూస్తే సెకనుకు సగటు 1,500 మెగాహెర్ట్జ్. కౌంటర్ వేగం 2,400 మెగాహెర్ట్జ్. టర్బోస్టాట్ ఈ మూడు వేగాలనూ వేర్వేరు నిలువు వరుసలలో చూపుతుంది. మూడూ నిజమే. ‘వాస్తవ వేగం ఎంత?’ అన్న ప్రశ్నను సరిగా అడగనంతవరకు వాటిలో ఏది సమాధానమో చెప్పలేము.

8. ఒక వరుస, మారిన అర్థాలు

పై పరిణామమంతా సీపీయూఇన్ఫో ఫైలులోని ‘సీపీయూ మెగాహెర్ట్జ్’ అనే ఒక్క వరుసలో ప్రతిఫలించింది. తొలుత అది ప్రారంభంలో కొలిచిన స్థిర విలువ. సీపీయూఫ్రీక్ వచ్చాక అది ఆ వ్యవస్థ ఇచ్చే విలువ, అంటే చాలా యంత్రాలలో కోరిన వేగం. 2017 సెప్టెంబరులో విడుదలైన 4.13 కెర్నెల్‌లో మళ్ళీ స్థిర విలువగా మారింది. కొలిచిన వేగాన్ని సీపీయూఫ్రీక్ ఫైలులో చూసుకోవాలన్నది ఆ మార్పు వెనుక ఉద్దేశం. ఏళ్ళ తరబడి మారుతూ కనిపించిన అంకె ఒక్కసారిగా గడ్డకట్టింది. కొలిచిన వేగాన్నే ఈ వరుసలోనూ చూపాలని చేసిన తొలి ప్రయత్నాన్ని అనేక ప్రాసెసర్లున్న యంత్రాలలో ఫైలు చదవడం మరీ ఆలస్యమవుతున్నదని ఉపసంహరించవలసి వచ్చింది. ఒక్కొక్క ప్రాసెసర్ వద్ద రెండు రీడింగులు తీసుకొని మధ్యలో ఆగాలి. ప్రాసెసర్లు వందల్లో ఉంటే ఆ నిరీక్షణలన్నీ కూడుకుంటాయి. అన్నిటినీ ఒకేసారి ప్రశ్నించి ఒక్కసారే ఆగే మార్గంతో 2018 జనవరిలో వచ్చిన 4.15 కెర్నెల్ సమస్యను పరిష్కరించింది.

ఒకే పేరు గల వరుస సుమారు పాతికేళ్ళలో మూడు రకాల సాక్ష్యాలను ఇచ్చిందన్నమాట. 2002 నాటి పత్రంలోని అంకెను, 2012 నాటి పత్రంలోని అంకెను, 2019 నాటి పత్రంలోని అంకెను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టే పరిశోధకుడు కెర్నెల్ వెర్షన్ చూడకపోతే మూడు భిన్న విషయాలను పోల్చినవాడవుతాడు.

అదే 4.15 కెర్నెల్‌లో జరిగిన మరొక సవరణ కొలబద్ద గురించిన పాఠం. స్కైలేక్ తరం జియాన్ ప్రాసెసర్లలో సర్వర్ రకాలకు 25 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉండగా, అదే మోడల్ సంఖ్య గల వర్క్‌స్టేషన్ రకాలకు 24 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉండేది. కెర్నెల్ కోడులో అన్నిటికీ 25 అని రాసి ఉండడంతో వర్క్‌స్టేషన్ల గడియారం 4 శాతం వెనుకబడింది. అంటే రోజుకు 57.6 నిమిషాలు, మన లెక్కలో రెండు ఘడియలకు పైమాట. టీఎస్‌సీ వేగం ఎక్కువగా నమోదు కావడం వలన 2,400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 2,500గా కనిపించే పరిస్థితి. కొలత, కాలం రెండూ ఒకే తప్పు నుండి పుట్టినప్పుడు అవి ఒకదానినొకటి సమర్థించుకుంటాయి. తప్పు తెలియాలంటే యంత్రం బయటి గడియారాన్ని చూడవలసిందే.

9. పరిశోధకులకు పద్ధతి

పై చర్చ ఆధారంగా, లినక్స్‌లో వేగాన్ని నిర్ధారించే సాక్ష్యాలను మూడు శ్రేణులుగా వర్గీకరించవచ్చు. మొదటిది ప్రకటన. ప్రాసెసర్ పేరులో వచ్చే గిగాహెర్ట్జ్ విలువ, డీఎమ్‌ఐడీకోడ్ ఆదేశం ఫర్మ్‌వేర్ పట్టిక నుండి చూపే విలువ ఈ శ్రేణివి. డీఎమ్‌ఐడీకోడ్ చూపే ‘ప్రస్తుత వేగం’ కూడా ప్రారంభ సమయంలో రాసిపెట్టినదే. రెండవది అభ్యర్థన. సీపీయూఫ్రీక్ కోరిన వేగం ఈ శ్రేణిది. మూడవది కొలత. టర్బోస్టాట్, పెర్ఫ్ ఈ శ్రేణివి.

2009లో 2.6.31 కెర్నెల్‌తో వచ్చిన పెర్ఫ్ పరిశోధన అవసరాలకు ఎక్కువ అనువైనది. యంత్రమంతటి వేగాన్ని కాక, మన ప్రోగ్రాము నడిచినప్పుడు గడిచిన సైకిళ్ళను మాత్రమే అది లెక్కిస్తుంది. ‘పెర్ఫ్ స్టాట్’ ఆదేశం ఇచ్చే సైకిళ్ళ సంఖ్యను ప్రోగ్రాము ప్రాసెసర్‌పై గడిపిన కాలంతో భాగిస్తే ఆ ప్రయోగం జరిగిన వేగం వస్తుంది. గోడ గడియారపు కాలంతో భాగిస్తే మాత్రం ప్రోగ్రాము డిస్కు కోసం నిరీక్షించిన సమయం కూడా కలిసి వేగం తగ్గి కనిపిస్తుంది. వర్చువల్ యంత్రాలలో ఈ కౌంటర్లు అందుబాటులో లేకపోవచ్చు. అటువంటి చోట కనిపించే అంకెను ప్రకటనగానే పరిగణించాలి.

కొలిచే చర్య కూడా కొలతను ప్రభావితం చేస్తుంది. విశ్రాంతిలో ఉన్న ప్రాసెసర్‌ను వేగం అడగడమంటే దానిని లేపడమే. అందువలన ఖాళీ యంత్రంలో ఫైలును పదేపదే చదివి తేల్చడం కంటే, ప్రయోగం జరుగుతున్నంతసేపూ సగటు తీయడం ఉత్తమం.

ఏ కౌంటర్‌నూ నమ్మకుండా సరిచూసుకునే మార్గం ఒకటి ఉంది. ఒక రిజిస్టర్ విలువను మరొకదానికి కూడే ఆదేశాన్ని, ప్రతిదీ ముందరి ఫలితంపై ఆధారపడేటట్లు, వందల కోట్ల సార్లు నడపాలి. ఆధునిక ఎక్స్86 ప్రాసెసర్లలో అటువంటి కూడికకు ఒక సైకిల్ పడుతుంది. కూడికల సంఖ్యను బయటి గడియారంతో కొలిచిన సెకండ్లతో భాగిస్తే వేగం వస్తుంది. స్థిర సంఖ్యలను కూడే ఆదేశాలను కొన్ని నవీన ప్రాసెసర్లు ముందుగానే పరిష్కరిస్తాయి కనుక వాటిని వాడరాదు.

10. ముగింపు

చివరి మార్గం 1993 నాటి బోగోమిప్స్ లూపునే గుర్తుచేస్తుంది. తేడా ఒక్కటే. ఆనాడు లూపులో ఒక్కొక్క చుట్టుకు ఎన్ని సైకిళ్ళు పడతాయో పట్టించుకోలేదు. నేడు అది తెలిసిన ఆదేశాన్నే ఎంచుకుంటున్నాము. సాధనాలు మారినా కొలత తత్త్వం మారలేదు. రెండు స్వతంత్ర గడియారాలు, వాటి మధ్య ఒక నిష్పత్తి, ఆ నిష్పత్తి వర్తించే ఒక వ్యవధి.

ఈ చరిత్ర నుండి తేలే అంశాలు మూడు. ఒకటి, వేగం యంత్రానికి స్థిరగుణంగా ఉన్న కాలంలో పుట్టిన పదజాలాన్ని, అది క్షణక్షణం మారే స్థితిగా పరిణమించిన తరువాత కూడా మనం వాడుతున్నాము. రెండు, తెరపై ఒకే పేరుతో నిలిచిన అంకె వేర్వేరు కెర్నెల్ వెర్షన్లలో వేర్వేరు సాక్ష్యంగా పనిచేసింది. మూడు, ఒకే యంత్రంలోని కొలతలు పరస్పరం సరిపోలినంత మాత్రాన అవి నిజం కావు. కనుక గణన ఫలితాలను ప్రకటించే పత్రాలలో ప్రాసెసర్ పేరుతో పాటు కెర్నెల్ వెర్షన్, గవర్నర్, టర్బో అమరిక, వేగాన్ని కొలిచిన సాధనం, కొలిచిన వ్యవధి పేర్కొనడం అవసరం. శాసనానికి దొరికిన ఊరు, లిపి, తిథి ఎలాంటివో ఈ వివరాలూ అలాంటివే. అవి లేని అంకెను ఉదహరించవచ్చు గాని, దానిపై వాదనను నిలబెట్టలేము.